అతను మా ఇంట్లో కూర్చోలేదు

కొత్త పంటకని పట్టుపురుగుల షెడ్డు కడిగి సున్నం కొడుతూ, బయటి గోడకున్న మేకును మా పెద్దోడు చూపించాడు. "అమ్మా, తుప్పు పట్టిండాది. పీకేస్తా."

"అదేమన్నా నిన్ను అన్నం అడుగుతాందా? ఉండనీ" అన్నాను.

వాడు మేకు చుట్టూ జాగ్రత్తగా సున్నం కొట్టి పక్కకు జరిగాడు. అది ఎవరి మేకో వాడికీ తెలుసు.

పనికిరాని వస్తువును ఇంట్లో పెట్టుకునే అలవాటు నాకు లేదు. చిరిగిన చీర నా చేతిలో మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ చివికితే కుండ కింద చుట్టకుదురు అవుతుంది. అది కూడా పోతే పొయ్యిలోకి పోతుంది. ఆ లెక్కన మేకు ఎప్పుడో పాత ఇనుములోకి పోవాలి. పోలేదు.

మాది పరిగి పక్క పల్లె. బోరులో నీళ్ళు వచ్చినంత మేర మల్బరీ తోట, మిగతాది వాన దయ. పట్టుపురుగులు పెంచేవాళ్ళకు పురుగు పిల్లలు, షెడ్డులో కొట్టే మందులు అమ్మే కంపెనీ ఒకటి హిందూపురంలో ఉంది. ఆ మేకును వాడుకున్నతను ఆ కంపెనీలో ఫీల్డు మనిషి. స్కూటరు మీద ఊరూరూ తిరిగి, పురుగు ఎట్లా తింటోందో, ఎన్నో జ్వరంలో ఉందో చూసి చెప్పిపోవడం అతని పని. జ్వరమంటే మనుషులకు వచ్చేది కాదు. పట్టుపురుగు గూడు కట్టే ముందు నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి పొర విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం.

ఒక షెడ్డులో రోగం ఇంకో షెడ్డుకు పోయేది మనిషి కాళ్ళతోనూ కట్టుకున్న గుడ్డలతోనూ. అందుకే గేటు దగ్గర బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడగనిదే ఎవరినీ లోపలికి రానియ్యం. అతనికి అది చాలలేదు. తను తిరిగే ప్రతి ఇంట్లోనూ తనకని ఒక లుంగీ పెట్టించాడు. వచ్చి, ప్యాంటూ చొక్కా విప్పి స్కూటరు మీద వేసి, ఆ ఇంటి లుంగీ కట్టుకుని లోపలికి పోతాడు. బయటికి వచ్చాక దాన్ని తడిపి పిండి ఆ ఇంటి గోడ మేకుకే తగిలిస్తాడు. ఒక ఇంటి గుడ్డ ఇంకో ఇంటి గడప తొక్కదు. పరిగి మొదలుకొని పెనుకొండ దాకా ఎన్ని గోడలకు అతని లుంగీలు వేలాడేవో నాకు తెలియదు.

లుంగీ కొనడానికి నాకేం పిచ్చా? పోయిన మా ఆయన పంచె ఒకటి పెట్టెలో ఉంటే, రెండుగా చించి అంచు కుట్టి ఇచ్చాను. అతను దాన్ని కట్టుకుని ముందూ వెనకా చూసుకుని, "పెద్దాయన పంచె కట్టుకున్న్యా అవ్వా. ఇంక ఈ ఇంట్లో నా మాటే మాట" అన్నాడు.

"ఆయన కట్టుకున్నప్పుడు గూడా ఈ ఇంట్లో నా మాటే మాట. పో, పురుగుల్ని చూడు పో" అన్నాను.

అప్పుడు నవ్వాడు. నవ్వితే దవడ ఒక పక్కకు పోయేది. అందమైన మనిషి కాదు. సన్నగా, పొడుగ్గా, కొంగ మాదిరి ఒంటికాలి మీద నిలబడేవాడు. ఒక కాలు అలిసిపోతే దాన్ని ఎత్తి రెండో కాలి మోకాలికి ఆనించుకునేవాడు. రెండోది అలిసిపోతే మొదటిది దించేవాడు. అంతేగాని కూర్చునేవాడు కాదు. అరుగు మీదా కూర్చోడు, మంచం మీదా కూర్చోడు. మజ్జిగ ఇస్తే స్తంభానికి ఆనుకుని నిలబడే తాగుతాడు. పండగనాడు వస్తే విస్తరి వేసి రమ్మన్నాను. ఓళిగలు చేతిలో పెట్టించుకుని వాకిట్లో తిరుగుతూ తిన్నాడు. మా కోడలు నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది.

"ఏమప్పా, కింద ఏమన్నా ముల్లు పెట్టినామా? యాల కూసోవు?" అని అడిగాను.

మొదట్లో ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడు. ఒక రోజు మాత్రం చెప్పాడు. అతనిది ధర్మవరం. మగ్గం నేసే ఇల్లు. ఇంట్లో నేలలో గుంత తవ్వి, గుంతలో కాళ్ళు వేలాడేసుకుని మగ్గం మీద కూర్చుంటారు గదా, వాళ్ళ నాయన అట్లా పొద్దున కూర్చుంటే దీపాల వేళకు లేచేవాడట.

"నేను మా నాయన్ని నడుం దాకానే చూసినా అవ్వా. నడుం కింద గుంత" అన్నాడు. "పెద్దయినాక నన్ను గూడా దించినారు. కాళ్ళు చల్లగా అయిపోయేవి. ఉండాయో లేవో తెలీకుండా పోయేవి. కడాకు మా నాయన లేసి నడవల్లంటే ఇద్దరు పట్టుకోవల్సి వచ్చె. ఆ దినమే అనుకుంటి, నా కాళ్ళు నాకు కండ్ల ముందర ఉండాల అని."

తర్వాత మళ్ళీ నవ్వుతాల్లోకి దిగాడు. "మీ పట్టు ఈడనుంచి ఆడికి పోతాది. నేను ఆడనుంచి ఈడికి వచ్చినా. దోవలో ఎదురుపడి పలకరించుకుంటాం."

ఆ తర్వాత అతన్ని ఎవరూ కూర్చోమనలేదు. కోడలు మజ్జిగ చెంబు తీసుకుపోయి నేరుగా స్తంభం దగ్గరే ఇచ్చేది.

అతని దగ్గర ఇంకో వాడుక ఉండేది. షెడ్డు లోపల మంచీ చెడూ ఏమీ మాట్లాడడు. పురుగుల దగ్గర చెడ్డమాట అనకూడదని మాకూ ఉంది, కానీ అతను మంచిమాట కూడా అనడు. బయటికి వచ్చి, లుంగీ పిండి మేకుకు వేసి, చొక్కా తొడుక్కునేటప్పుడే చెప్పడం. పంట బాగుంటే మొదటి గుండీ పెట్టుకుంటూనే మొదలుపెట్టేవాడు: "ఆకు సిద్ధం చేసుకో అవ్వా, రాక్షసుల్లా తింటాండాయి." బాగలేకపోతే ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ పోయేవాడు. మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నాక అప్పుడు నోరు తెరిచేవాడు. గుండీలు పైకి పోయేకొద్దీ నా గుండె కిందికి దిగేది.

ఒక పంటకు పాలరోగం తగిలింది. పురుగులు ఉబ్బి, తెల్లగా పాలు కారుతూ చస్తాయి. ఆ రోజు మెడ గుండీ పెట్టుకుని, "కింది రెండు వరసల తట్టల్లో పురుగులన్నీ ఎత్తి సున్నంలో పూడ్సాల" అన్నాడు.

"సగం పురుగులు బాగనే ఉండాయి గదప్పా. ఆకు మేపి ఇంత చేసింటి" అన్నాను. పారేయడమంటే నాకు చేతులు రావు.

"బాగుండేటివి రేపు ఉండవు అవ్వా. నువ్వు గుడ్డను దాచిపెట్టినట్టు రోగాన్ని దాచిపెడితే ఎట్ల?" అన్నాడు. గుంత అతనే తవ్వాడు. పురుగుల్ని వేసి, సున్నం చల్లి, మట్టి కప్పి, దాని మీద కాసేపు ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఏం ఆలోచించాడో నేను అడగలేదు.

పంట అయిపోయాక షెడ్డంతా మూసి మందు కొట్టాలి. కండ్లు మండుతాయి, గొంతు పట్టుకుంటుంది. ఆ పని రైతులదే, కంపెనీ వాళ్ళది కాదు. కానీ మగదిక్కు లేని ఇండ్లలో, మా పెద్దోడు ఊళ్ళో లేనప్పుడు మా ఇంట్లోనూ, పంపు అతనే వీపుకు తగిలించుకునేవాడు. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు, అంతే. కంపెనీ ఇచ్చిన మాస్కు స్కూటరు అద్దానికి వేలాడుతూ ఉండేది. అదేమంటే "దాన్ని కట్టుకుంటే ఊపిరాడదు అవ్వా" అనేవాడు. తర్వాత తర్వాత దగ్గు మొదలైంది. స్కూటరు శబ్దం కన్నా ముందు అతని దగ్గు సందు తిరిగి వచ్చేది.

పురుగులు లేని రోజుల్లో ఒకనాడు వచ్చాడు. తోట కోసి మొండిగా ఉంది. అతనికి మా ఇంట పనే లేదు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునే ఉన్నాడు. అది చూసి నాకు సగం అర్థమైంది.

"ఏమప్పా, పురుగులు లేని ఇంటికి వచ్చినావు?"

"నిన్ను చూసేదానికి. ఎన్నో జ్వరంలో ఉండావో చూద్దామని."

"నాకు జ్వరమొస్తే తిండి మానేస్తా, ఖర్చు తగ్గుతాది. నీ సంగతి చెప్పు."

స్తంభానికి ఆనుకున్నాడు. "హిందూపురం డాక్టరు ఫోటో తీసినాడు అవ్వా. ఊపిరితిత్తులు మందు తాగి గట్టిపడినాయంట. ఇంక షెడ్లలోకి పోతే జాస్తి దినాలు ఉండనంటాడు."

"కంపెనీ వాళ్ళేమంటారు?"

"మంచోళ్ళే. పెనుకొండ ఆఫీసులో కుర్చీ ఇస్తామంటాండారు. ఫోన్లు ఎత్తేది, కంప్యూటర్లో ఎక్కించేది. జీతం అంతే. నా పెండ్లాం అప్పుడే దేవునికి టెంకాయ కొట్టేసింది."

"ఇంకేం మరి? పో."

"పొద్దన్నుంచి సాయంత్రం దాకా కూసోవాల అవ్వా."

ఉరి తీస్తారంట అని చెప్పినట్టు చెప్పాడు. నాకు కోపం వచ్చింది.

"కూసుంటే ఎవురూ సావరు. లోకమంతా కూసోనే తింటాండాది."

"మా నాయన కూసోనే సచ్చిపోయె."

"మీ నాయన గుంతలో కూసున్యాడు. నిన్ను కుర్చీలో కూసోమంటాండారు. గుంతకూ కుర్చీకీ తేడా తెలీని పిల్లోనివా? పెండ్లాముంది, సదువుకునే కూతురుంది. తిరిగితే సస్తావు, కూసుంటే బతుకుతావు. దీంట్లో నన్ను అడిగేదేముంది?"

"బతికేది నేనేనా అని అడుగుతాండా అవ్వా."

అట్లాంటి మాటలు నాకు పట్టవు. కడుపు నిండినోళ్ళ మాటలవి. ఆ మాటే అన్నాను. "బువ్వ తినేవాడు, ఊపిరి తీసేవాడు నువ్వే. అది చాలు. పో. పోయి కూసో" అన్నాను.

"అందురూ నీ ఇష్టం నీ ఇష్టం అంటాండారు. నువ్వైతే తిట్టి చెప్తావని వచ్చినా" అన్నాడు. మజ్జిగ తాగి, చెంబు కడిగి బోర్లించి పోయాడు.

నేను చెప్పింది తప్పని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను.

అతను కుర్చీలో చేరాక ఒకసారి చూశాను. ధర్మవరంలో చుట్టాల పెళ్ళికి పోతూ దోవలో పెనుకొండలో బస్సు దిగాను. షెడ్డుకు మందు కావాలి, అక్కడ దొరుకుతుందని తెలుసు, ఒకే బస్సు ఖర్చులో రెండు పనులు. టైర్ల అంగడి మీద మిద్దెలో ఉంది ఆఫీసు. మెట్లెక్కి చూస్తే అతను నిలబడి ఉన్నాడు. కుర్చీ మీద కాగితాల కట్టలు పెట్టి, బల్ల మీదికి వంగి ఫోనులో మాట్లాడుతున్నాడు.

పక్క బల్ల పిల్ల నన్ను చూసి, "మీ ఊరి కొంగను చూసేదానికి వచ్చినావా అవ్వా?" అంది. అతనూ నవ్వాడు. దగ్గు లేదు. మొహం కొంచెం తేరుకుంది. చూశావా నా మాట, అనుకున్నాను మనసులో.

అంతలో మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలప్పా? వచ్చినోళ్ళు నిన్ను ప్యూననుకుంటాండారు. ఆరోగ్యం బాగలేదనే గదా కుర్చీ ఇచ్చింది" అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. అతను కాగితాలు తీసి నేల మీద పెట్టి కూర్చున్నాడు.

అతను కూర్చోగా చూడటం నాకు అదే మొదలు. కుర్చీ అంచున కూర్చున్నాడు. కాళ్ళు బల్ల కిందికి పెట్టలేదు. రెండు పాదాలూ పైకి లాక్కుని కుర్చీ కింది కమ్మీ మీద పెట్టుకున్నాడు, కింద నేల లేనట్టు. నాతో మాట్లాడుతున్నంతసేపూ మధ్య మధ్యలో వంగి చూసుకుంటున్నాడు. కాళ్ళు ఉన్నాయో లేవో అని.

"ఎట్లుండాది?" అన్నాను.

"జ్వరంలో ఉండా అవ్వా. తల పైకెత్తి కూసున్న్యా" అన్నాడు.

మందు సీసా సంచిలో వేసుకుని మెట్లు దిగాను. ఏమో, ఆ పెళ్ళిలో పాయసం నాకు రుచించలేదు.

తర్వాత అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. పని మాట ఏదో ఒకటి అడిగి, చివరికి, "అవ్వా, ఫోను తట్ట దగ్గర పెట్టు" అనేవాడు. పురుగులు ఆకు తినే సద్దు అతనికి వినాలట. నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకు మీద పడితే షెడ్డంతా సన్నవాన పడుతున్నట్టు ఉంటుంది.

"చార్జింగు అయిపోతాదప్పా" అనేదాన్ని. అన్నా పెట్టేదాన్ని. అవతల దగ్గు వినపడేది కాదు, మాటా వినపడేది కాదు. కొంతసేపటికి అతనే పెట్టేసేవాడు.

లుంగీ మేకుకు ఊరికే వేలాడుతోంది. కట్టుకునే మనిషి రాడు. అంత గట్టి గుడ్డ ఎండకు చివికిపోతుంటే నా ప్రాణం ఒప్పదు. తీసి రెండు ముక్కలు చేసి, కోసిన మల్బరీ ఆకు వాడకుండా తడిపి కప్పడానికి వాడుకున్నాను.

పంట బాగా నడుస్తున్న రోజుల్లో స్కూటరు శబ్దం వినపడింది. వెనకే దగ్గు. నేను బయటికి వచ్చేసరికి అతను బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, చొక్కా గుండీలు విప్పుకుంటూ గోడ కేసి చూస్తున్నాడు.

"అవ్వా, నా లుంగీ యాడ?"

"ఆకు మీద కప్పినా. కుర్చీ యాడ?"

"వదిలేసినా."

"ఎవుర్ని అడిగి?"

"ఎవుర్నీ అడగలా. అడిగితే కూసోమంటారని." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "మళ్ళా ఫీల్డుకే రాసిచ్చినా అవ్వా. మందు కొట్టను. ఊరికే చూసి పోతా."

"ఈ షెడ్డులోకి నువ్వు రావు" అన్నాను, తలుపుకు అడ్డం నిలబడి.

"నాలుగో జ్వరం లేసినాయి గదా? ఈడికే సద్దు వస్తాంది. ఒక్కసారి చూస్తా."

"లుంగీ లేదు. లుంగీ లేకుండా ఎవుర్నీ లోపలికి పంపొద్దని చెప్పింది ఎవురు?"

"నేను చెప్పిన మాటే నాకు అడ్డమేసినావు అవ్వా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో.

గేటు దగ్గరే ఒంటికాలి మీద నిలబడి విన్నాడు. లోపల పురుగులు తింటున్నాయి. నేను తలుపు దగ్గర నుంచి కదలలేదు. మజ్జిగ తెమ్మని కోడల్ని కూడా కేకెయ్యలేదు, మజ్జిగ ఇస్తే మళ్ళీ వస్తాడని. చాలాసేపటికి అతను ఒక్కొక్క గుండీ పెట్టుకున్నాడు. మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నాక అన్నాడు, "పంట బాగుంటాది అవ్వా."

మంచిమాటను మొదటి గుండీ దగ్గరే చెప్పే మనిషి.

మా ఇంట్లో లుంగీ లేకపోతేనేం, మిగతా ఇండ్ల గోడలకు ఉన్నాయి. వాళ్ళెవరూ తియ్యలేదు. ఆ మాఘమంతా, ఫాల్గుణమంతా అతని స్కూటరు మా సందు మొన ముందర పోతూ వస్తూ ఉండేది. మా వైపు తిరిగేది కాదు. దగ్గును బట్టి ఏ ఇంటికి పోతున్నాడో లెక్కపెట్టుకునేదాన్ని. మందు కొట్టనన్నాడు గానీ కొట్టాడట. ఒంటరి ఆడది పంపు మోయలేక మోస్తుంటే చూస్తూ నిలబడలేకపోయాడట. ఎండలు ముదిరాక శబ్దం ఆగిపోయింది.

అతను పోయిన కబురు తెలిసి ధర్మవరం పోయాను. పెద్దోడు వెంట వచ్చాడు. సన్న సందులో ఇల్లు. రెండు పక్కలా ఇండ్లలో మగ్గాలు ఆపేసి ఉన్నారు. వాళ్ళ నాయన మగ్గం ఎప్పుడో తీసేశారు గానీ, గుంత అట్లే ఉంది. దాని మీద బండలు పరిచి ఉన్నాయి.

వాళ్ళ ఇండ్లలో పోయినవాళ్ళను కాల్చరు. పండబెట్టి పూడ్చరు కూడా. కూర్చోబెడతారు. నాకు ఆ వాడుక తెలియదు. తెలియకుండానే లోపలికి పోయాను.

గోడకు ఆనించి, కాళ్ళు మడిచి, ఒడిలో చేతులు పెట్టి కూర్చోబెట్టారు అతన్ని. తల వాలిపోకుండా గడ్డం కింద నుంచి ఒక గుడ్డ తీసి, పైన గోడకున్న మేకుకు కట్టారు. కొత్త పంచె. మొహం మీద విభూతి. దవడ ఆ పక్కకే ఉంది.

అతని భార్య నన్ను గుర్తుపట్టింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "కూసోమని ఎంత మొత్తుకున్యా వినలేదే అవ్వా. నువ్వు చెప్తే కొన్నాళ్ళు విన్యాడు. ఇప్పుడు సూడు, ఎట్ల కూసున్యాడో" అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

శ్మశానానికి ఆడవాళ్ళు పోరు. నేను పోయాను. పెద్దోడు చెయ్యి పట్టుకుని ఆపబోయి, నా మొహం చూసి వదిలేశాడు. మనిషి కూర్చునేంత గుంత తవ్వి పెట్టారు. దాంట్లో ఒక పక్కకు గూడులాగా తొలిచారు. ఇద్దరు గుంతలోకి దిగి చేతులు చాచారు, పైనుంచి ఇద్దరు దించారు. అందరూ మొహం చూస్తున్నారు, ఆఖరి చూపని. నేను కాళ్ళనే చూస్తూ నిలబడ్డాను, ఆఫీసు కుర్చీలో మాదిరి పైకి లాక్కుంటాడేమోనని.

అవి పైకి రాలేదు.